పితృమందిరపు గడప: రెండు చీనా కృతుల పరిశీలన

చీనా నవలలలో మేటియని పేరొందిన ‘హుంగ్ లౌ మెంగ్’ 53వ ప్రకరణమున ఒక గొప్ప పితృపూజా వర్ణనము కలదు. ఈ నవలను మేమీ వ్యాసమున ‘అరుణహర్మ్య స్వప్నము’ అని వ్యవహరింతుము. సంవత్సరాంత దినమున జియా వంశీయులందఱును తమ పితృమందిరమున జేరి పూర్వుల నామఫలకములకును చిత్తరువులకును నివేదన లర్పింతురు. ఈ ఘట్టమును చదువు పద్ధతులు రెండు ప్రచారమున నున్నవి. ఆచారముల చరిత్ర నరయువారికి ఇది యొక నిక్షేపము. ఎవరు ధూపము పట్టిరి, ఎవరు పట్టువస్త్రము లర్పించిరి యను వివరముల నేరుకొని వారు కథను విడిచిపెట్టుదురు. నవలను సాంఘిక విమర్శగా జదువువారికి ఇది కూలిపోవుచున్న ధనిక కుటుంబపు కడపటి యాడంబరము. వారు కథను గ్రహించి ఆచారమును విడిచిపెట్టుదురు. ఈ రెండింట ఏదియు గ్రంథకర్త హృదయమును ముట్టలేదని మా యభిప్రాయము.

పూర్వులను యథావిధిగా నారాధించు కుటుంబమునకు సంతతియు సంపదయు చేకూరునని చీనావారి చిరకాల విశ్వాసము. ఈ నవల ఆ విశ్వాసమును సమర్థించుచున్నదా, త్రోసిపుచ్చుచున్నదా యని యడుగుటకంటె, పూర్వుల పక్షమున నిజముగా మాటాడువా రీ నవలలో నెవరని యడుగుట మేలు. ఆ ప్రశ్నతో గ్రంథమును మరల జదివినచో ఒక విశేషము కానవచ్చును. పూజామందిరపు గడప లోపల నిలిచినవారిలో పూర్వుల మాట నెఱిగినవాడు ఒక్కడును లేడు. ఎఱిగినవారు గడపకు వెలుపల నున్నారు. ఈ విషయమునే యిచ్చట నిరూపింప బూనితిమి. పిదప, నూటయేబది సంవత్సరములకు పైగా గడచిన తరువాత లూ షున్ రచించిన ఒక కథానికలో ఇదే గడప మరల కనిపించు విధమును కొంత పరిశీలింతుము.

గ్రంథమును గూర్చి యవసరమైనంతవఱకు చెప్పుదుము. కర్త త్సావ్ షుయెచిన్. ఈతడు సుమారు 1715లో జన్మించి 1763 ప్రాంతమున మరణించెను. ఈతని తాత త్సావ్ యిన్ నాన్‌జింగ్ నగరమున రాజకీయ పట్టుపరిశ్రమకు అధికారియై, కాంగ్‌షీ చక్రవర్తి దక్షిణ యాత్రలలో నాలుగు పర్యాయములు ఆతిథ్య మిచ్చిన ఘనుడు. తరువాతి చక్రవర్తి కాలమున, 1727–28లో, ఆ కుటుంబపు ఆస్తి యంతయు జప్తు చేయబడెను. ఐశ్వర్యమును బాల్యముననే పోగొట్టుకొని, పెకింగు పరిసరములలో దారిద్ర్య మనుభవించుచు షుయెచిన్ ఈ నవలను వ్రాసెను. మొదటి 80 ప్రకరణములు వ్రాతప్రతులుగా వ్యాపించినవి. 1791లో అచ్చుపడిన ప్రతి 120 ప్రకరణములది. కడపటి నలువది ఇతరుల చేతి పనియని పలువురు విమర్శకులు తలంతురు. 1921లో హూ షీ ప్రకటించిన పరిశోధనము మొదలుకొని ఈ నవలకును గ్రంథకర్త కుటుంబ చరిత్రకును గల సంబంధము చర్చనీయాంశమైయున్నది. ఇచ్చట మేము మొదటి 80 ప్రకరణములనే ప్రధానముగా గైకొంటిమి.

ఇక విశ్వాసమును గూర్చి. మరణించిన తండ్రితాతల పేర్లు చెక్కిన కొయ్య ఫలకములు ఇంటనో వంశమందిరముననో నిలుపబడును. పండ్రెండవ శతాబ్దివాడైన జు షీ పేర వెలసిన గృహ్యవిధి గ్రంథము నాలుగు తరముల పూర్వులకు వేర్వేరు గూళ్ల నేర్పఱచినది. అంతటితో నది విడువలేదు. కుటుంబపు భూమిలో ఒక్కొక్క గూటికి ఇరువదవ వంతు చొప్పున విడదీసి, దాని ఫలసాయము పూజకే వినియోగింపవలెనని విధించినది. అంతకు మునుపే, 1050లో, ఫాన్ జోంగ్‌యెన్ యను మంత్రి సూజౌ నగరమున తన వంశీయుల పోషణకై ధర్మభూముల నేర్పాటు చేసియుండెను. పూర్వారాధనము, భూమి, వంశపు భవిష్యత్తు – ఈ మూడును చీనా కుటుంబ వ్యవస్థలో నొకే ముడి. సమాధులను నెలకొల్పు స్థలమును బట్టి సంతతివారి యదృష్టము మాఱునను ఫెంగ్‌షుయి శాస్త్రము ఈ ముడికి మఱియొక పేట.

అయినను పూర్వులు నిజముగా వచ్చి యారగింతురా? క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలోనే షున్‌త్సు దీనికి లోతైన సమాధానము చెప్పెను. పితృపూజ జ్ఞాపకమునకును వలవంతకును రూపమనియు, వివేకి దానిని మానవధర్మముగను సామాన్యుడు దానిని ప్రేతసేవగను భావించుననియు అతని సిద్ధాంతము. ఇరువదవ శతాబ్దపు సామాజిక శాస్త్రజ్ఞులలోను ఏకీభావము లేదు. యున్నాన్ రాష్ట్రమున పరిశోధన చేసిన ఫ్రాన్సిస్ షూ, 1948లో ప్రకటించిన గ్రంథమున, పూర్వులు స్వవంశీయులకు సదా శుభంకరులని భావింపబడుదురనెను. మారిస్ ఫ్రీడ్‌మన్ 1966లో ఒక చమత్కారమైన భేదమును చూపెను: మందిరమున పూర్వులు పూజ్యులు, సమాధిలోనన్ననో వారి యెముకలు సంతతివారు తమ యదృష్టముకొఱకు జరుపుకొను పావులు. తైవాను గ్రామ మొకదానిని పరిశీలించిన ఎమిలీ ఆహెర్న్ 1973లో, ఎవరి భూమి సంక్రమించెనో వారిని పూజించు బాధ్యత యేర్పడునను విషయమును వివరముగా నిరూపించెను. ఈ వాదములన్నిటికిని మూలమైన సందేహమును పదునెనిమిదవ శతాబ్దపు నవలాకారుడు కథలో నెట్లు చిత్రించెనో చూడవలసియున్నది.

దానికి ముందు పరిభాషను గూర్చి యొక మాట. ఈ చీనా పూజను ‘శ్రాద్ధ’ మని తెనిగించుట సులభమే కాని, అది దారి తప్పించును. మన శ్రాద్ధమున పితృస్థానమున భోక్తలు కూర్చుందురు. ఈ నవలాకాలపు చీనా పూజలో భోక్త లేడు. ఫలకమో చిత్తరువో యున్నది. అయితే ప్రాచీనమైన జౌ రాజుల కాలమున మనుమడొకడు తాత స్థానమున గూర్చుండి యారగించు నాచార ముండెడిది. ఆ మనుమనిని ‘షీ’ యనిరి. ‘శవ’మునకును అదియే పదము. మన భోక్తకు ఆతడు దూరపు బంధువనవచ్చును. ఆ యాచారము కాలక్రమమున నశించి ఫలకము మిగిలెను. ఈ భేదమును పాటించుటకే మేము ‘పితృపూజ’ యను సామాన్య పదమును వాడుచున్నాము.

నవలలో పూర్వులు మొదట కనిపించుట 5వ ప్రకరణమున. బావ్‌యూ యను బాలుడు కలలో నొక దివ్యస్త్రీ లోకమును జేరును. ఆమె తన సఖులతో చెప్పిన సంగతి యిది: దారిలో తనకు జియా వంశస్థాపకులగు నింగ్, రోంగ్ ప్రభువుల యాత్మలు ఎదురుపడినవి. తమ వంశపు కీర్తిసంపదలు దాదాపు నూఱేండ్లు సాగినవనియు, ఇక భాగ్యము తీఱినదనియు, దానిని మరల్చుట యసాధ్యమనియు, సంతతి యెందఱున్నను వంశమును నిలుపగలవాడు లేడనియు, ఈ బాలు నొక్కని నైనను హెచ్చరింపుమనియు అవి ఆమెను వేడుకొన్నవి. పాఠకుడు ఇచ్చట నిలిచి యాలోచింపవలెను. భాగ్యము నిచ్చువారని లోక మెవరిని పూజించుచున్నదో వారే భాగ్యము తీఱిపోయినదని పరాయి దేవత ముందు చేతులు జోడించుచున్నారు. పూర్వులకు దయ కొఱవడలేదు, శక్తి లేదు. విశ్వాసమును మొదటనే తలక్రిందులు చేసి గ్రంథకర్త కథ నారంభించినాడు.

7వ ప్రకరణమున జియావ్ దా యను ముసలి సేవకుని వృత్తాంతము. ఈతడు యౌవనమున నింగ్ ప్రభువు వెంట యుద్ధములకు బోయి, పీనుగుల కుప్పనుండి ఆయనను వీపున మోసికొని వచ్చినవాడు. దొరకిన యర్ధపాత్ర నీటిని యజమానునికి ద్రావనిచ్చి, తాను గుఱ్ఱపు మూత్రము ద్రావి ప్రాణము నిలుపుకొన్నవాడు. ఆ వంశపు సంపదకు మూలమెచ్చట నున్నదో యెఱిగిన సజీవసాక్షి యితడొక్కడే. ఒకనాటి రాత్రి మద్యపు మత్తులో నుండగా, ఎవరినో సాగనంపు పని తనకు జెప్పిరని కోపించి, ప్రస్తుత యజమానుల దుర్నీతిని బయలుపఱచుచు, పితృమందిరమునకు బోయి పెద్దప్రభువుకొఱకు ఏడ్చెదనని యఱచినాడు. సేవకులు అతనిని గట్టి నోట మన్నును గుఱ్ఱపు పేడను గుక్కిరి. పెద్దప్రభువు నామఫలకము ముందు నిజమైన కన్నీరు కార్పదగినవానికి ఆ మందిరమున ప్రవేశము లేదు. జియావ్ దా యీ గృహమునకు చూ యువాన్ వంటివాడని లూ షున్ 1933లో నొక వ్యాసమున వ్రాసెను. రాజునకు హితవు చెప్పి వెడలగొట్టబడిన ప్రాచీనకవితో త్రాగుబోతు సేవకుని బోల్చుట పరిహాసముగా దోచును గాని, అంతకంటె సరియైన పోలిక మాకు తోచలేదు.

వీనికంటె ముఖ్యమైనది 13వ ప్రకరణము. జియా రోంగ్ భార్య చిన్ కచింగ్ మరణించు రాత్రి, ఆమె యాత్మ గృహనిర్వాహకురాలైన వాంగ్ షీఫెంగ్‌కు కలలో గనిపించి వీడ్కోలు చెప్పును. ఆమె చెప్పిన మాటలలో శాపము లేదు, వరము లేదు, పరలోక వర్ణన మసలే లేదు. ఆమె చెప్పినవి రెండు లోపములు: పూర్వుల సమాధుల యొద్ద ఋతుపూజలు జరుగుచున్నవి కాని వానికి స్థిరమైన ద్రవ్యము లేదు, వంశపు పాఠశాల యున్నది కాని దానికిని నిబంధన లేదు. సంపద యున్నప్పుడే సమాధుల పరిసరమున పొలములు, ఇండ్లు కొని, వాని రాబడి పూజకును పాఠశాలకును వినియోగింపవలెను. వంశశాఖలు వరుసగా నేడాది కొకటి చొప్పున ఆ లెక్కలను నడపవలెను. అప్పుడు అమ్ముకొనుటకును కుదువ బెట్టుటకును వీలుండదు. రేపు రాజదండన కలిగి తక్కిన యాస్తి జప్తయినను పూజాభూమి జప్తు కాదు. సంతతివారు దిగజాఱినచో, ఆ భూమిని దున్నుకొనుచు చదువుకొనుచు బ్రదుకగలరు.

ఈ సలహాను చూచి, పితృభక్తి యనగా తుదకు ఆస్తిరక్షణమే కదా యని చప్పరించువారు కలరు. మేము అంగీకరింపము. కచింగ్ చెప్పినది జు షీ గృహ్యవిధిలోని ఇరువదవ వంతు నియమమునకును, ఫాన్ జోంగ్‌యెన్ ధర్మభూములకును వారసత్వమైన పాతమాటయే. ప్రేమ ఒక తరముతో నడుగంటకుండ నిలుచుటకు ఆ సంప్రదాయము కనుగొన్న యుపాయము భూమి. జ్ఞాపకమునకు పొలము గావలయునని చెప్పుట జ్ఞాపకమును పొలముకొఱ కమ్ముట గాదు. ఇంకొక విశేష మున్నది. పూర్వులు సంతతికి భాగ్యమిత్తురను లోకవిశ్వాసమునకు బదులు, సంతతివారు ముందుచూపుతో చేసిన యేర్పాటే పూర్వుల నివేదనను, సంతతి బ్రదుకును నిలుపునని యీ యాత్మ చెప్పుచున్నది. ఇరువురి భాగ్యమును ఒక లెక్కపుస్తకమున నున్నది.

ఆ తరువాత జరిగిన దేమి? షీఫెంగ్ మేల్కొనెను. ఆ సలహాను గూర్చి మరల నెవరితోను ప్రస్తావింపలేదు. ఆమె తన సామర్థ్యమునంతయు కచింగ్ అంత్యక్రియల నిర్వహణలో జూపినది. మామయైన జియా జెన్, శవయాత్ర పతాకముపై వ్రాయుటకు బిరుదము చాలదని, కొడుకునకు ఒక యంతఃపురాధికారి ద్వారా 1,200 లియాంగుల వెండికి ఉద్యోగమును కొనిపెట్టినాడు. చచ్చినది పొలము కొనుడని కోరినది. బ్రదికినవారు పతాకమున నొక పంక్తిని కొనిరి. గ్రంథకర్త ఈ రెండింటిని ప్రక్కప్రక్కల నుంచి, వ్యాఖ్య యొక్కటియు చేయలేదు.

ఈ కచింగ్ శీలవతి కాదనుటకు గ్రంథముననే యాధారము లున్నవి. 5వ ప్రకరణమున ఆమె భవిష్యత్తును సూచించు చిత్రములో స్త్రీ యొకతె యురిపోసికొనియున్నది. 13వ ప్రకరణమున ఆమె వ్యాధితో మరణించును. ఈ వైరుధ్యమునకు కారణము వ్రాతప్రతిలో నిలిచిన ఎఱ్ఱసిరా వ్యాఖ్య చెప్పుచున్నది. ఆమె దుర్మరణమును వర్ణించు భాగము మొదట నుండెననియు, షీఫెంగ్‌తో ఆమె చెప్పిన యా రెండు విషయములు సుఖభోగములలో మునిగినవారికి తోచనివి గనుక, వానికి కరగి ఆమె తప్పును మన్నించి, ఆ భాగమును తొలగింపుమని షుయెచిన్‌ను ఆదేశించితిననియు వ్యాఖ్యాత వ్రాసికొన్నాడు. గ్రంథపరిష్కరణము చేయు విద్యార్థులు ఈ వ్యాఖ్యను పాఠభేద చరిత్రకు మాత్రమే వాడుకొందురు. మాకు దానియందు అంతకు మించినది కనబడుచున్నది. ఆస్తి జప్తయి చెదరిన కుటుంబము నెఱిగిన పాఠకుడొకడు, పూజాభూమి జప్తు కాదను వాక్యము వద్ద నిలిచి, ఒక పాత్ర పాపమును క్షమించినాడు. ఆ సలహాను సకాలమున విననివారి దుఃఖ మా క్షమలో నున్నది.

ఇప్పుడు 53వ ప్రకరణమునకు వత్తము. పూజకు ముందు గ్రంథకర్త రెండు చిన్న ఘట్టములను బెట్టినాడు. మొదటిది: పితృపూజకై చక్రవర్తి యిచ్చు వెండి వచ్చును. ఈ కొద్ది వెండి మనకు లెక్క కాదుగాని, బీదపడిన వంశోద్యోగులు కొందఱకు ఇది లేనిచో పూర్వులకు నివేదనమే జరుగదు గదా యని జియా జెన్ అనును. ఈ మాట తన యింటికే వర్తింపనున్నదని ఆతనికి తోచదు. రెండవది: నల్లకొండ పల్లె పెత్తనదారు మంచులో నెల మీద రెండుదినములు ప్రయాణము చేసి కౌలు తెచ్చును. జింకలు, పందులు, చేపలు, ధాన్యములు మొదలగువానితోడి దీర్ఘమైన జాబితా. కడపట వెండి 2,500 లియాంగులు. జియా జెన్ కనీసము 5,000 వచ్చునని లెక్క వేసికొనియుండెను. వడగండ్లు పడి పంట పోయినదని ముసలివాని మనవి. పూజాద్రవ్యములు ఎచ్చటనుండి వచ్చుచున్నవో, అవి యెట్లు తఱుగుచున్నవో పాఠకునకు మొదట చూపి, ఆ తరువాతనే కవి పూజామందిరపు తలుపు తెఱచినాడు. ఈ క్రమమును గమనింపక పూజావర్ణనమును విడిగా చదువుట భావ్యము కాదు.

మందిరమును మనకు చూపునది షుయే బావ్‌చిన్ యను అతిథి బాలిక. ఆమె జియా వంశీయురాలు కాదు. పరవంశపు కన్య ఇచ్చటికెట్లు వచ్చెనని యాక్షేపించిన విమర్శకులు కలరు. వాంగ్ గృహిణి ఆమెను 49వ ప్రకరణమున పెంపుడుకూతురుగా గైకొన్నదని సమాధానము. ఆ సమాధానము చాలునో చాలదో మేము తేల్చము. ఆమె యచ్చట నుండవలసిన యవసరము రచనకున్నది. నిత్యము చూచువారు ఏమియు చూడరు. ఆమెకు అన్నియు క్రొత్త గనుక ప్రతి ఫలకమును, ప్రతి తెరను నిదానించి చూచినది.

ప్రధానార్చకుడు జియా జింగ్. ఈతడు సంసారమును విడిచి నగరము వెలుపలి తావో మఠమున అమరత్వపు రసాయనములు కాచుకొనుచు, పూజాదులకు మాత్రము ఇల్లు చేరువాడు. 63వ ప్రకరణమున ఆ రసాయనమునే మ్రింగి చచ్చును. వంశమును విడిచిపోయినవాడు వంశపూజకు అగ్రాసనాధిపతి; తాను చావక యుండ గోరువాడు చచ్చినవారికి పరిచారకుడు. ఇట్టి వ్యంగ్యమును ఒక్కమాట బిగ్గఱగా ననకుండ సాధించుట యీ కవికే చెల్లినది.

పిదప నివేదన. మగవారు గడపకు వెలుపల, ఆడువారు లోపల నిలుతురు. జ్యేష్ఠశాఖలో పెద్దమనుమడగు జియా రోంగ్ ఒక్కడు గడప లోపల స్త్రీలతో నుండును. వంటకములు వెలుపలినుండి చేతి కొక చేయిగా అందింపబడి జియా జింగ్‌ను జేరును. ఆతని నుండి రోంగ్, రోంగ్ నుండి ఆతని భార్య, ఆమె నుండి షీఫెంగ్ మొదలగు కోడండ్రు, తుదకు వృద్ధమాత. ఆమె వానిని బల్లపై నుంచును. మాటలు లేవు, నగల చప్పుడును, లేచుచు మ్రొక్కుచు నున్నవారి పాదరక్షల సవ్వడియు మాత్రమే వినవచ్చును. ఈ చేతుల వరుస ఎంత యందమైనదో యంత భయంకరమైనది. దాని యందమును గుర్తింపనివాడు నవల చదువలేదనియే మా తలంపు. ఒక వంశపు పరంపర యంతయు నొక్క పాత్ర ప్రయాణమున గనిపించుచున్నది. కాని యీ చేతులలో ఒకటి 1,200 లియాంగులకు కొన్న యుద్యోగస్థునిది, ఒకటి కచింగ్ మాటను మఱచిన షీఫెంగ్‌ది. చేతులన్నియు తమ స్థానములం దున్నవి. లోపలికి రావలసిన మాట మాత్రము వెలుపల నిలిచిపోయినది.

పూర్వుల సమాధానము 75వ ప్రకరణమున వచ్చును. తండ్రి జియా జింగ్ మరణాశౌచము తీఱకయే జియా జెన్ శరత్పూర్ణిమ ముందటి రాత్రి విందు చేయుచుండగా, గోడ క్రింద నొక దీర్ఘమైన నిట్టూర్పు వినబడును. ఎవరు వారని యడిగిన బదులు లేదు. ఆ ప్రక్కనున్నది పితృమందిరము. గాలి వీచి మందిరపు తలుపులు తెఱచి మూసికొన్నట్లు చప్పుడగును. మఱునాడు తలుపులు తీసి చూడగా అన్నియు యథాస్థానమున నున్నవి. శపింపలేదు, కాపాడలేదు, నిట్టూర్చిరి. పూర్వులు సదా శుభంకరులను షూ వాదమును, వారు పావులను ఫ్రీడ్‌మన్ వాదమును ఈ నిట్టూర్పు ముందు సగము సగముగనే నిలుచును.

లూ షున్ ‘జు ఫు’ కథానిక 1924లో వెలువడినది. శబ్దార్థము ‘శుభము కోరుట’. ఆంగ్లానువాదమున ‘నూతన సంవత్సర బలి’ యను నర్థముగల పేరు ప్రసిద్ధమైనది. అది కథకు భాష్యమే కాని పేరునకు అనువాదము కాదు. పేరులోని చేదు దానిలో మాయమైనది. లూ పట్టణమున సంవత్సరాంతమున ప్రతి గృహమును భాగ్యదేవతను ఆహ్వానించి రాబోవు సంవత్సరపు శుభము గోరును. ఇది పితృపూజ కాదు, వేఱొక క్రతువు. కాని ఒకే యింట, ఒకే వంటచేతులతో రెండును నడచుటచే కథలో నవి పెనవైచుకొన్నవి.

శియాంగ్‌లిన్ భార్యయని మాత్రమే పిలువబడు విధవ యొకతె లూ గృహమున పనికి కుదిరినది. అత్తవారు ఆమెను బలాత్కారముగా గొనిపోయి 80,000 కాసులకు కొండపల్లెలో నొకనికి కట్టబెట్టిరి. రెండవ భర్త జ్వరమున బోయెను. పసిబిడ్డను తోడేలు తిన్నది. ఆమె మరల పాత యింటికి వచ్చెను. ఈసారి గృహయజమాని భార్యను హెచ్చరించెను: ఆమె ముట్టిన నివేదనము అశుచి, పూర్వు లారగింపరు. మునుపు కోళ్లు కోసి, నేల తుడిచి, రాత్రింబవళ్లు సకల మొనర్చిన యదే చేయి ఇప్పుడు గిన్నె ముట్టరాదు. మడి యన నేమో యెఱిగిన మన పాఠకులకు ఈ ఘట్టమును వివరింప బనిలేదు. ఒక్క భేదమును మాత్రము గుర్తింపవలెను: ఇచ్చట నశుచి స్నానముతో తీఱునది కాదు. తాను కోరని రెండవ పెండ్లి ఆమెను గడపకు శాశ్వతముగా వెలుపల నుంచినది.

గడప యనుట యలంకారముగా గాదు. పరలోకమున ఇద్దఱు భర్తలు తగవులాడగా యముడు నిన్ను ఱంపముతో రెండుగా కోయించునని తోటి పనికత్తె యామెను బెదరించి, గ్రామదేవత గుడికి ఒక గడపను సమర్పింపుము, వేలమంది దానిని త్రొక్కుటచే నీ పాపము తీఱునని యుపాయము చెప్పినది. ఆమె సంవత్సరపు సంపాదనను కూడబెట్టి, 12,000 కాసులిచ్చి తన దేహమునకు మాఱుగా గడపను వేయించెను. శీతాయన దినపు పితృపూజ నాడు, ఇక శుద్ధురాలనను నిబ్బరముతో మద్యపాత్రలను దెచ్చుటకు ముందడుగు వేసినది. ముట్టవద్దని యజమానురాలు కేక వేసినది. ఆ కేకతో ఆమె బ్రదుకు కూలినది.

రెండు కృతులును ఇచ్చట కలిసికొనుచున్నవి. జియా వారి మందిరమున గడప స్థానములను నిర్ణయించు మర్యాద. దాని లోపలివారు దానికి తగరు. లూ షున్ కథలో నొక స్త్రీ తానే గడపయై, లోకముచే త్రొక్కబడి, అప్పటికిని లోపలికి చేరలేకపోయినది. త్సావ్ షుయెచిన్ ఆ మర్యాద పాడైనదని దుఃఖించెను. లూ షున్ అది చెక్కుచెదరక యున్నదని దుఃఖించెను. ఈ రెండవది కఠినతరమైన విమర్శ. లూ యజమాని జియా జెన్ వలె దుర్జనుడు కాడు. అతడు ఆచారవంతుడు, చదువరి. తప్పు పాటింపనివానియందే కాక పాటించువానియందును ఉండవచ్చునను సంగతిని మొదటి నవల స్పృశింపలేదు.

బా జిన్ ‘కుటుంబము’ నవలయు (1933) ఈ మార్గముననే నడచినది. తాత శవపేటిక ఇంట నుండగా ప్రసవరక్తము శవమునకు కీడు చేయునని పెద్దలు నిర్ణయించి, పెద్దమనుమని భార్యను నగరము వెలుపలికి బంపుదురు. ఆమె యచ్చట ప్రసవమున మరణించును. పూర్వుని గౌరవించుటకై వంశమును గనునట్టి తల్లినే బలియిచ్చుట యను విపర్యాసము తీక్ష్ణమైనదే. కాని బా జిన్ తన యాగ్రహమును పాత్రల నోట పలికించుటచే ఘట్టము కొంత పలుచబడినది. శియాంగ్‌లిన్ భార్యకు అట్టి వాగ్మిత్వము లేకపోవుటయే లూ షున్ బలము.

అరుణహర్మ్య స్వప్నపు కడపటి నలువది ప్రకరణములలో రాజానుగ్రహమున జియా వంశమునకు బిరుదములును ఆస్తియు కొంత మరల లభించి, భాగ్యము తిరిగి వచ్చు సూచనలు కలవు. ఈ ముగింపును మెచ్చినవారును లేకపోలేదు. 5వ ప్రకరణమున భాగ్యము తీఱినదని స్వయముగా బలికిన యా యిద్దఱు ప్రభువుల మాటకు ఇది విరుద్ధమనుటయే గాక, పొలము కొనుమన్న కచింగ్ సలహాను నిరర్థకము చేయుచున్నదని మా యాక్షేపణ. అడుగకయే రాజు తిరిగి యిచ్చునెడల, ముందుచూపు లేనివారికిని భాగ్యము చేకూరినట్లే కదా.

లూ షున్ కథలో నట్టి యోదార్పు లేదు. చనిపోవుటకు ముందు బిచ్చగత్తెయైన శియాంగ్‌లిన్ భార్య, నగరమున చదువుకొని వచ్చిన కథకుని దారిలో నాపి మూడు ప్రశ్న లడిగినది: చచ్చిన పిదప ఆత్మ యుండునా? అట్లయిన నరకమున్నదా? చచ్చిన యింటివారు మరల కలిసికొందురా? షున్‌త్సు సిద్ధాంతమున వివేకి యనదగిన యా చదువరి తడబడి, నిశ్చయముగా జెప్పజాలనని తప్పించుకొనెను. ఆమె ఆ రాత్రియో మఱునాటి యుదయముననో చనిపోయినది. ఊరంతట భాగ్యదేవతకు స్వాగతమిచ్చు టపాకాయలు మ్రోగుచున్నవి.